ముప్ఫై ఎనిమిదో పేరు

బుసైతీన్, బహ్రెయిన్
22-11-1996, శుక్రవారం

గంగాభాగీరథీ సమానురాలైన అక్క సూర్యావతికి, తమ్ముడు భీమరాజు నమస్కరించి వ్రాయునది.

ముందుగా జరిగినదంతా జరిగిన క్రమంలో వ్రాస్తాను. క్రమం తప్పితే నా మనసు నిలవదని నీకు తెలుసు.

1. ఏడవ తేదీ ఉదయం మేడంగారి రేడియోలో ఆంధ్ర తీరాన తుఫాను అని విన్నాను. ఊర్ల పేర్లు చెప్పలేదు.

2. తొమ్మిదవ తేదీన మనామా సూక్‌లో కూరగాయలు కొంటూండగా రాజోలు వైపు మనిషి మణికుమార్ ఎదురయ్యాడు. కోనసీమలో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే, అందరూ అంటున్నారన్నాడు.

3. పదవ తేదీ, అనగా దీపావళి నాటి నుండి పద్నాలుగు వరకు టెలిఫోను ఆఫీసుకు అయిదుసార్లు వెళ్ళాను. అమలాపురం లైను పలకలేదు.

4. పదిహేనవ తేదీన అప్పాజీగారి ప్రెస్సు నంబరు పలికింది. నాన్న పాటల కాగితాలు అచ్చువేసిన ఆ చేయి ఇంకా అచ్చువేస్తూనే ఉన్నందుకు సంతోషించాను. ఆయన మూడు సంగతులు చెప్పారు. నువ్వు క్షేమం. ఇల్లు పడిపోయింది. సోమరాజు బావ వెళ్ళిన నావ తిరిగి రాలేదు.

5. పదహారున నా వీసా యజమాని కఫీల్ దగ్గరకు వెళ్ళి పాస్‌పోర్టు అడిగాను. నా కాగితాలు కొత్తవి చేయడానికి ఆఫీసులో ఉన్నాయనీ, మార్చి నెలాఖరు వరకు దేశం దాటడం కుదరదనీ చెప్పాడు. మనిషి మంచివాడే. నాకు టీ ఇచ్చాడు.

6. ఆ తరువాత వంటగదిలో కూర్చున్నాను. అక్కడ జరిగినది వ్రాయదగినది కాదు.

అక్కా, ఇక్కడ నా పని మారింది. నేను వంటచేసే మార్గరెట్ మేడంగారు డెబ్బై రెండేళ్ళ ఇంగ్లీషు పంతులమ్మ. వారి దేశంలో మూడు వందల ఏళ్ళ క్రితం ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క పాట అచ్చువేసి సంతల్లో పాడి అమ్మేవారట. ఆమె దగ్గర అటువంటి వాటికి మూడు వందల పన్నెండు జెరాక్సులున్నాయి. చావు గురించినవి, చావును ఎదుర్కొన్న భక్తుల గురించినవి మాత్రమే ఆమె పోగుచేశారు. ఇప్పుడు చూపు మందగించి, జాబితా వ్రాసే పని నాకు అప్పగించారు. వంటవాడికి ఇంగ్లీషు అచ్చు అప్పగించిన ఇల్లు ఈ బహ్రెయిన్‌లో మరొకటి ఉండదు.

ఆ పాత అచ్చులో ఒక చిక్కుంది. మాట చివర తప్ప మిగతా చోట్ల 'స' అక్షరం అచ్చంగా 'ఫ'లా కనిపిస్తుంది. దుఃఖాన్ని వారు 'సారో' అంటారు. నేను నెల రోజులు 'ఫారో' అని చదివి, నిఘంటువులో లేని మాటలు నలభై మూడు జాబితా కట్టి మేడంగారి ముందు పెట్టాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

నీ ఓదార్పు కోసం అందులో ఒక పాటను తెలుగులో పెట్టి దీనితో పంపుతున్నాను. పేరు 'పేషెంటు భార్య', అనగా 'రోగిష్టి భార్య'. భర్త సముద్రంలో పోయినా ఆమె రోగిగానే ఉండి దేవుని మెప్పు పొందుతుంది. ఆమె జబ్బేమిటో మాత్రం పాటలో ఎక్కడా లేదు. ఇరవై రెండు చరణాలూ వెదికాను.

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు.
నీ తమ్ముడు
భీమరాజు


పాలెం
8-12-96

తమ్ముడు భీమరాజుని అక్క దీవించి రాసేది.

ఒరేయ్, నన్ను గంగలో కలపమని నీకెవడు చెప్పేడ్రా? కవరు చింపగానే 'గంగాభాగీరథీ' అని పైకి చదివేసరికి పక్కింటి నరసాయమ్మ గుండెలు బాదుకుంది, మీ బావ శవం బహ్రేనులో తేలిందేమో అనుకుని. ఎనిమిదో క్లాసులో మేష్టారు చెప్పిన ఉత్తరాల పాఠం నీకింకా వదల్లేదు. మొగుడున్నదానికి మహాలక్ష్మి, పోయినదానికి గంగ. ఉన్నాడో పోయేడో తెలీనిదానికి ఏం రాయాలో మీ మేష్టారు చెప్పలేదా?

నా బొట్టు నా మొహాన్నే ఉంది. కులపెద్ద ముసలయ్య గారు రోజు తప్పించి రోజు వస్తన్నారు. "గడ్డిబొమ్మ చేసి దహనం చేయించెయ్యి సూర్యావతీ, ఆత్మ తిరుగుతాది" అంటారు. "తిరగనీండి బాబూ, తిరిగి తిరిగి ఇంటికే గదా వస్తాడు" అన్నాను. ఆయనకి కోపం వచ్చి మజ్జిగ తాక్కుండా ఎల్లిపోయేరు.

నువ్వు రాలేకపోయేనని కుళ్ళిపోకు. వచ్చి ఏం చేస్తావు, సముద్రాన్ని లెక్కెడతావా? మేం ముగ్గురాడోళ్ళం బడి వరండాలో ఉన్నాం. తాటాకులు వచ్చేయి. ఇల్లు లేపుతారు.

ఇక నీ పాట. చదివేను, నరసాయమ్మకి చదివి వినిపించేను. పాపం, ఆవిడ ఇద్దరు కొడుకులూ మీ బావ నావ మీదే ఎల్లేరు. విని, "ఆవిడికి జబ్బేంటమ్మా, క్షయా?" అంది. మొగుడు పోయేడు, పెళ్ళాం జబ్బుపడింది, దేవుడు భేషన్నాడు! రోగాన్ని మెచ్చుకునే దేవుడు ఏ ఊరి దేవుడ్రా? నాలుగు రోజులు అదే ఆలోచించేను. నీకే అక్కడ ఏదైనా జబ్బు చేసి, చెప్పలేక పాటలో చుట్టి పంపేవా? కామెర్లా? నిజం రాయి. నువ్వు దాచితే నాకు తెలుస్తాది, చిన్నప్పుడు కాలు విరిగినా దాచేవు.

ఇంకోటి. మాఘంలో అంతర్వేది తీర్థానికి తుఫాను పాట కట్టమని పాలెం అంతా నా మీద పడ్డారు. వీరాస్వామి కూతురివి గదా, నీకు రాకపోతే ఎవరికొస్తాది అంటన్నారు. నాన్న తీర్థంలో డప్పట్టుకుని పాడతా ఉంటే చెరుకుగెడల దుకాణం ఎనకాల దాక్కున్నోడివి నువ్వు. కాగితాలు పంచింది నేను. చూద్దాం.

అక్క
సూర్యావతి


బుసైతీన్
27-12-1996, శుక్రవారం

అక్కకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది.

సంబోధన విషయంలో నాది తప్పు. నేను నేర్చిన పాఠంలో రెండే గళ్ళున్నాయి. మూడవ గడి ఉంటుందని తోచలేదు. ఇకపై 'అక్కకు' అని మాత్రమే వ్రాస్తాను.

నాకు జబ్బేమీ లేదు. జబ్బు నా ఇంగ్లీషుకు. నీ ఉత్తరం అందిన రోజునే మేడంగారిని, "అమ్మా, ఈ పేషెంటు భార్యకు రోగమేమిటి?" అని అడిగాను. ఆమె "భీమా, ఆ మాటకు ఓర్పుగలది అని అర్థం" అన్నారు. కాకినాడ పెద్దాసుపత్రిలో తొమ్మిదేళ్ళు వార్డుబాయ్‌గా ఉన్నాను. రోజుకు నూరుసార్లు 'పేషెంటు' అన్న నోరు నాది. తెలిసిన మాటను నిఘంటువులో ఎవరు వెదుకుతారు? ఒకే మాట ఇటు రోగికీ అటు ఓర్పుకూ చెల్లుతుందట. జాబితాలో ఇరవై ఆరు పేర్లు దిద్దవలసి వచ్చింది. బైబిలులో ఒళ్ళంతా కురుపులు లేచినా ఓర్చుకున్న భక్తుణ్ణి 'రోగిష్టి యోబు' అని వ్రాసిన చోట మాత్రం, అది రెండు విధాలా నిజమేనని మేడంగారు ఉంచేశారు.

పాట కట్టమన్నారని వ్రాశావు. కట్టు అక్కా. ఈ కాగితాల్లో నేను చూసినవి నీకు పనికివస్తాయేమో.

మొదటిది, ప్రతి కాగితం నెత్తిన 'ఫలానా పాట మట్టు' అని ఉంటుంది. నాన్న కాగితాల మీద ఉన్నట్టే! స్వరం వ్రాయరు, తెలిసిన పాట పేరు చెబుతారు. అది చూసిన రోజు నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

రెండవది, బొమ్మలు. ఒకే టోపీ మనిషి పదకొండు కాగితాల్లో చనిపోతాడు. చెక్కబ్లాకు ఒక్కటే, చావులు పదకొండు. అప్పాజీగారి దగ్గర దీపం పట్టుకున్న ఆడమనిషి బ్లాకు గుర్తుందా? వరదకూ ఆమే, రైలు ప్రమాదానికీ ఆమే, సావిత్రీ ఆమే.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. వీటిలో పోయినవారి గురించి ఎవరో పాడరు. పోయినవారే పాడతారు. 'తల్లీ ఏడవకు, తమ్ముడా దగ్గరకు రా, గంట మోగుతున్నది' అని వారి నోటనే వస్తుంది. నూట తొంభై కాగితాలు ఇటువంటివే. వీటిలో 'నేను' అన్నవాడు పోయినవాడని మేడంగారు సూత్రంగా చెప్పారు.

అక్కా, ఇంకొకటి ఒప్పుకోవాలి. పన్నెండేళ్ళుగా ఇక్కడ అందరికీ మా నాన్న బడిపంతులని చెప్పాను. పోయిన శుక్రవారం హిద్‌లో మనవాళ్ళుండే కూలీల క్యాంపులో భోజనాల వేళ, మా నాన్న తీర్థాల్లో పాటలు పాడి కాగితాలు అమ్మేవాడని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కరీంనగర్ ముత్తన్న, "మరి ఇన్నొద్దులు దాస్తివేందన్నా? ఒకటి పాడరాదే" అన్నాడు. నాకు రాదన్నాను. వచ్చు.

పాట చివర పోయినవారి పేర్లుండాలి. బావ పేరుతో కలిపి ఎందరో తెలియజేయి. జాబితా అన్నాక సందేహం ఉండరాదు.

తొమ్మిది గంటల నలభై నిమిషాలు, ఉదయం.
భీమరాజు


పాలెం
11-1-97

తమ్ముడికి అక్క దీవెన.

జబ్బు లేదన్నావు, బతికేను. కానీ ఆ ఇంగిలీసోళ్ళు తెలివైనోళ్ళురా. ఓర్చుకోడానికీ రోగానికీ ఒకటే మాట పెట్టుకున్నారంటే వాళ్ళకి తెలిసే పెట్టుకున్నారు. రెండు నెల్ల నించీ ఈ పాలెంలో ప్రతోడూ నా దగ్గరికొచ్చి ఓర్చుకో ఓర్చుకో అంటా నన్ను మంచాన పడెయ్యాలని చూస్తన్నాడు. నేను పడను. పాటలో అదే పెట్టేను:

ఓర్చుకోమని నాకు చెప్పేవారెవరు?
ఒడ్డునే ఉన్నారు తడవనీ వారు.

నరసాయమ్మ నవ్వింది. తుఫాను తరవాత అది నవ్వడం అదే.

కానీ అదే నరసాయమ్మ నిన్న నన్ను నిలబెట్టి కడిగేసింది. పోయినోళ్ళు ముప్ఫై ఏడుగురు. వాళ్ళలో శవాలు దొరికినోళ్ళు ఇరవై మూడు. పద్నాలుగు మంది దొరకలేదు, దాని కొడుకులిద్దరూ అందులోనే. పేర్లు చదివి వినిపిస్తే ఆఖరిదాకా విని, "సోమరాజేడీ?" అంది. "దొరకలేదుగా" అన్నాను. "నా కొడుకులు దొరికేరా? ఒకే నావ మీద ఎల్లేరు ముగ్గురూ. నా ఇద్దర్నీ చంపేసి నీ మొగుణ్ణి బతికించుకుంటావా సూర్యావతీ?" అంది.

తమ్ముడూ, అది చెప్పింది నిజం. ఆయన్ని రాయకపోతే ఆ పద్నాలుగు మందినీ రాసే హక్కు నాకు లేదు. ఆయన్ని రాస్తే, ఇన్నాళ్ళూ నేను నిలబడ్డ నేల పోతాది. అందరిదీ తీసేస్తే అది పాట కాదు. తీర్థానికి ఇంకా ముప్ఫై ఎనిమిది రోజులుంది. ఏం చెయ్యాలో తెలీదు.

పేర్లు ఈ కాగితం ఎనకాల రాసేను. నువ్వు వీటికి వరస కట్టి పంపు. నాన్న పేర్లు పాడే వరస నీకూ తెలుసు. నాకు పేరు పేరుకీ ఆ మనిషే ఎదరికొచ్చి నిలబడతన్నాడు, ఒక్కో పేరూ ఎక్కడ సాగుతాదో ఎక్కడ ఇరుగుతాదో తెలీట్లేదు. దూరాన్నున్నోడివి, నీకు చేతనవుతాది. ముప్ఫై ఏడే. చూసుకో.

అక్క


బుసైతీన్
24-1-1997, శుక్రవారం

అక్కకు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ రంజాన్ మాసం. పగలు వీధులు నిశ్శబ్దంగా ఉన్నాయి. పనికి అనుకూలం.

నువ్వు అప్పగించిన పని పూర్తయిందని గర్వంతో తెలియజేస్తున్నాను. పేర్లను వరుసలో పెట్టాను. మొదట నావల వారీగా, ఒక్కొక్క నావలో వయస్సును బట్టి, ఒకే వయస్సువారిని అక్షరక్రమంలో. నరసాయమ్మగారి పెద్దకొడుకు, ఎర్రయ్యగారి అల్లుడు ఒకే వయస్సువారు కాబట్టి ఎవరు ముందన్నది ఒక పూట ఆలోచించాను. మేడంగారు భూతద్దం పెట్టి చూసి, తాను జీవితంలో చూసిన జాబితాలన్నింటిలో ఇది చక్కనిదన్నారు.

ఆలస్యం కాకుండా ఇదే టపాలో ఒక ప్రతి నేరుగా అప్పాజీగారికి పంపాను. పాట నీ చేత అందుతుందనీ, పేర్ల భాగం ఇప్పుడే కూర్చవచ్చుననీ వ్రాశాను.

ముప్ఫై ఎనిమిదవదిగా బావ పేరు చేర్చాను. నీకు ఏం చెయ్యాలో తెలియదన్నావు. తెలియని చోట మరొకరు చేయడమే సహాయమని నేననుకున్నాను. నరసాయమ్మగారి మాట న్యాయం. అసంపూర్ణమైన జాబితా అబద్ధంతో సమానం. ఈ భారం నీ మీద కాక నా మీద ఉండనీ.

మధ్యాహ్నం రెండు గంటలు.
భీమరాజు


పాలెం
10-2-97

భీమరాజుకి.

నిన్ను దీవించి రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు. ఉత్తరం చివరికొచ్చేసరికి వస్తాదేమో చూద్దాం.

వరస కట్టరా అంటే వరసలో నిలబెట్టేవా! నేనడిగింది రాగంరా, మొద్దూ. పాటగాడి కొడుకువి, వరస అంటే నీకు రేషను దుకాణం ముందర క్యూ గుర్తొచ్చిందా? అదైనా ఓర్చుకుందును. (ఆ మాటే వాడేను, చూడు.) మీ బావని చంపే పని నువ్వెందుకు నెత్తినేసుకున్నావు? నాకు తమ్ముడివని? నాకు తెలీలేదన్నాను గానీ నువ్వు తెలుసుకోమన్నానా?

ఉత్తరం అందిన పూటే బస్సెక్కి అమలాపురం ఎల్లేను. అప్పాజీ గారు అప్పటికే పేర్లన్నీ అక్షరాలు కూర్చి, చట్రంలో బిగించేసి, "రామ్మా, తమ్ముడు ముత్యాల్లాంటి జాబితా పంపేడు" అన్నారు. చట్రం చూసేను. ఆఖరి వరస నేనే చదివేను. నాన్న నేర్పేడుగా, సీసం అక్షరాలు కుడిఎడమలు తిరగేసి చదవడం. "తియ్యండి" అన్నాను. ఆ ముసలాయన చిమటాతో సడలించి మీ బావ పేరు తీసి నా అరచేతిలో పోసేరు.

నాలుగక్షరాలురా. సో, మ, రా, జు. ఎంత బరువున్నాయనుకున్నావు? చేతిలో చల్లగా ఉన్నాయి, నిమిషానికి ఎచ్చబడ్డాయి. అక్కడే బల్ల మీద కూర్చుండిపోయేను. అప్పాజీ గారు, "ఆ వరస ఖాళీగా వదిలెయ్యనా తల్లీ?" అని అడిగేరు. ఖాళీ కనబడితే అందరూ ఆ ఖాళీనే చదువుతారు. పెట్టేస్తే నా చేత్తో నేను పెట్టినట్టు. రెండూ కాదు. ఎంతసేపు కూర్చున్నానో, టీ పోయించేరు, చల్లారిపోయింది.

అప్పుడు నీ ఉత్తరంలో మాట గుర్తొచ్చింది. అక్కడ పోయినోళ్ళ గురించి ఎవరో పాడరు, వాళ్ళే పాడతారన్నావు.

లేచి, ఆ నాలుగక్షరాలూ తీసుకెళ్ళి చట్రం నెత్తిన, పాట మొదట్లో పెట్టమన్నాను. పాట నేను చెప్పట్లేదు తమ్ముడూ. ఆయన చెప్తన్నాడు. నాదంతా తీసేసి అక్కడే కూర్చుని మళ్ళీ కట్టేను:

చెప్పేవాడ నేను సోమరాజునండీ
చెప్పకుండ నీట నిలవలేనండీ
ఎవరెవరు నా ఎంట ఉన్నారొ వినండీ
ఇంటివాళ్ళొచ్చేర, ముందుకు రండీ.

అక్కణ్ణించి ముప్ఫై ఏడు మందినీ ఆయనే పిలుస్తాడు. ఎవడు పడవ అంచు పట్టుకున్నాడు, ఎవడు ఎవణ్ణి లాగేడు, ఎవడు తల్లిని తలుచుకున్నాడు. నరసాయమ్మ కొడుకులిద్దరూ తాడు ఒకటే కట్టుకున్నారని పెట్టేను. నాకెలా తెలుసంటావా? ఆయన చెప్పేడు. ఆయనకి వాళ్ళంటే ప్రాణం.

పేర్లు మాత్రం నువ్వు పెట్టిన వరసలోనే ఉంచేను. పాడితే బాగుంది. నావ నావకీ గొంతు మారతంది. రాగం తెలీకుండానే కట్టేవురా.

రాత్రి నరసాయమ్మకి వినిపించేను. ఈసారి "సోమరాజేడీ" అనలేదు. "ఇంకోపాలి చెప్పించు" అంది.

సరే. దీవించేను.

అక్క
సూర్యావతి


పాలెం
25-2-97

చిరంజీవి భీమరాజుకి అక్క దీవించి రాసేది.

అంతర్వేదిలో పాడేనురా. కల్యాణం మర్నాడు పొద్దున్న, రథం నిలబెట్టిన చోటు పక్కన. డప్పు నరసాయమ్మ కొట్టింది. దానికి డప్పొచ్చని నాకే తెలీదు! ఆడదాన్ని "నేను సోమరాజుని" అనేసరికి ముందర కుర్రోళ్ళు నవ్వేరు. రెండో చరణానికి వాళ్ళే ముందుకొచ్చి కూర్చున్నారు. తెచ్చిన కాగితాలు మధ్యాహ్నానికి ఒక్కటి మిగల్లేదు. ఓడలరేవు నించొచ్చిన ముసలావిడ చదువు రాకపోయినా కాగితం పట్టుకుని, "మావాడి పేరు ఏ చోటుందో ఏలెట్టి చూపించమ్మా" అంది. వాళ్ళది వేరే ఊరు, అందులో పేరు లేదు. నేను ఖాళీగా ఉన్న అంచు మీద పెన్సిల్‌తో రాసి ఏలు పెట్టి చూపించేను. ఇక చూడు, అందరూ పెన్సిలుకి వచ్చేరు.

అప్పాజీ గారు మళ్ళీ అచ్చేస్తన్నారు, ఈసారి అంచు వెడల్పు పెట్టి.

మాఘ పౌర్ణమికి సముద్రస్నానానికి ఎల్లినప్పుడు ముసలయ్య గార్ని నేనే పిలిచి గడ్డిబొమ్మ కట్టమన్నాను. నేనే దగ్గరుండి చేయించేను, నరసాయమ్మ కొడుకుల బొమ్మలూ పక్కనే. ఎవరూ నాకు ఓర్చుకోమని చెప్పలేదు. బొట్టు గురించి ముసలయ్య గారు నోరు తెరవబోయి నా మొహం చూసి ఊరుకున్నారు. ఆయనా మారేరు, పాటలో ఆయన మేనల్లుడు పేరు నువ్వు మూడోది పెట్టేవుగా.

ఒక్కటే కొరత. ఆ మొదటి మాట ఆడగొంతులో వచ్చింది. ఒక్కసారి మగగొంతులో రావాలని ఉంది. నువ్వు పాడు. నాకు ఇనబడదు, ఫర్వాలేదు. పాడేనని రాయి. అబద్ధం రాస్తే తెలుస్తాది.

అక్క

కాగితం దీంతో పెట్టేను. దీపం పట్టుకున్నావిడ బ్లాకు అరిగిపోయింది, మొహం కనబడదు. అయినా ఆవిడే కావాలన్నాను.


బుసైతీన్
14-3-1997, శుక్రవారం

అక్కకు తమ్ముడు భీమరాజు నమస్కరించి వ్రాయునది.

వరస అన్న మాటకు నేను చేసిన అర్థం గురించీ, బావ పేరు విషయంలో నేను మితిమీరినందుకూ ముందు క్షమాపణ. నీ ఆ ఉత్తరం అందిన రోజున నేను వంట చేయలేదు. మేడంగారే బ్రెడ్డు కాల్చి నా ముందు పెట్టారు.

కాగితం వారికి చదివి, అర్థం చెప్పాను. పాడేవాడు ఎవరని అడిగారు. మా బావ అన్నాను. ఆమెకు సూత్రం తెలుసు కనుక మరేమీ అడగలేదు. లేచి నిలబడ్డారు, అంతే. తరువాత దాన్ని తన పెట్టెలో మూడు వందల పదమూడవదిగా ఉంచవచ్చునా అని అడిగారు. మా అక్కను అడగకుండా ఇకపై ఏదీ చేయనని చెప్పాను. కనుక అడుగుతున్నాను.

ఇప్పుడు నువ్వు కోరిన సంగతి. నేడు మధ్యాహ్నం హిద్ క్యాంపులో పాడాను. జరిగినది జరిగినట్టు వ్రాస్తాను, అంకెలు లేకుండా.

భోజనాలు అయిన తరువాత అన్నం గిన్నెలు పక్కకు జరిపి, ముప్ఫై మందికి పైగా మంచాల మీద, కింద కూర్చున్నారు. సగం మంది కోనసీమవారు, మిగిలినవారు కరీంనగర్, నిజామాబాద్ వైపువారు. మణికుమార్ మనామా నుండి వచ్చాడు. "వంటాయన పాడతాడంట" అని ఎవరో అన్నారు. "వంటాయన కాదు, పాటగాడి కొడుకు" అన్నాడు ముత్తన్న. దాక్కోవడానికి అక్కడ చెరుకుగెడలు లేవు.

గొంతు మొదట లేవలేదు. రెండవసారి లేచింది. 'చెప్పేవాడ నేను సోమరాజునండీ' అన్నాను. నలభై ఆరేళ్ళలో మరొకరి నోటితో మాట్లాడటం అదే మొదలు. నాన్న గొంతు నాలో ఉందని నాకు తెలియదు. అది అక్కడే ఉంది అక్కా, కొంచెం తుప్పుతో.

పేర్ల భాగానికి వచ్చాను. నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. క్యాంపులో ప్రతి ఉదయం బస్సు ముందు ఫోర్‌మన్ కాగితం పట్టుకుని పేర్లు చదువుతాడు. పిలిచినవాడు 'హాజర్' అనాలి. అనకపోతే ఆ రోజు వాడు లేనట్టే. ఏళ్ళ తరబడి ఇదే. అందుచేత నేను మొదటి పేరు, 'మల్లాడి ధర్మారావు' అని పాడి ఊపిరి కోసం ఆగగానే, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్న ముత్తన్న అలవాటు చొప్పున, "హాజర్" అన్నాడు.

అని, ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఎవరూ నవ్వలేదు. "తప్పయిందన్నా" అన్నాడు. "తప్పు కాదు" అన్నాను. రెండవ పేరు పాడాను. ఈసారి మూలనుండి మరొకరు, "హాజర్" అన్నారు. మూడవదానికి ముగ్గురు. ముసలయ్యగారికి చెప్పు, ఆయన మేనల్లుడికి ముగ్గురు పలికారు. నావ మారేసరికి గది మొత్తం పలుకుతున్నది. ఎన్నడూ సముద్రం చూడని కరీంనగర్ రైతుబిడ్డలు మన పాలెం పిల్లలకు బదులు పలికారు. నరసాయమ్మగారి కొడుకులిద్దరి పేర్లూ నేను ఒకే ఊపిరిలో పాడాను, తాడు ఒకటే కాబట్టి. గది కూడా ఒకే ఊపిరిలో పలికింది. ఈ మాట ఆమెకు చదివి వినిపించు.

ముప్ఫై ఏడూ అయినాయి. పాట అయిపోయింది. నేను కాగితం దించాను. కాని ఎవరూ కదలలేదు. ముత్తన్న నా వైపే చూస్తూ, "చెప్పినాయన పేరు పిలువలే గదన్నా" అన్నాడు.

అక్కా, నీ అనుమతి లేకుండా ఏదీ చేయనని ఒట్టు పెట్టుకుని వారం కాలేదు. అయినా వాళ్ళు ఎదురుచూస్తున్నారు. పేరును పాటలో పెట్టలేదు, కాగితం మీద వ్రాయలేదు. మామూలు గొంతుతో, వీధిలో పిలిచినట్టు, "సోమరాజు బావా" అని పిలిచాను.

ముప్ఫై మందీ నిశ్శబ్దంగా ఉన్నారు. అది ఇంటివాళ్ళు పలకవలసిన పేరని వారికి ఎవరూ చెప్పలేదు.

"హాజర్" అన్నాను.

సాయంకాలం అయిదు గంటల ఇరవై నిమిషాలు.
ఓలేటి వీరాస్వామి కుమారుడు
ఓలేటి వెంకట భీమరాజు